పచ్చగా కనిపిస్తే చెట్టు నిలబడినట్టేనా?
అవగాహన: ఉపగ్రహ భూపరిశీలన - ఉద్దానం ఉదాహరణగా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165. తెల్లారేసరికి ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తోటల్లో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచి ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. పడిన కొబ్బరి అప్పటికప్పుడు ఎండిపోదు. వేళ్లు కొంత మట్టిలో మిగిలితే మట్టలు చాలా రోజులు పచ్చగానే ఉంటాయి. పైనుంచి పచ్చదనం ఒక్కటే కొలిచే పరికరానికి ఆ తోట ఓ మోస్తరుగా బాగున్నట్టే అనిపించవచ్చు.

గ్రూప్స్ అభ్యర్థులు ఈ అంశం మొదలుపెట్టగానే ప్రయోగ తేదీల పట్టిక బట్టీపడతారు. అది తర్వాత చేసినా ఫరవాలేదు. పరికరం నిజంగా కొలిచింది ఏమిటి, దాన్ని మనం ఏమని చదువుతున్నాం? మెయిన్స్‌లో మార్కులు తెచ్చేది ఈ తేడా తెలిసినవారి జవాబే.

పచ్చదనం లెక్క

ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. ఆకు లోపలి కణాల అమరిక సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ అనే వృక్ష సూచిక. విలువ -1 నుంచి +1 మధ్య ఉంటుంది. నీటికి సాధారణంగా రుణాత్మకం, ఇసుకకు సున్నా దగ్గర, చిక్కటి తోటకు 1 వైపు.

ఒక తోట పరారుణాన్ని 0.50, ఎరుపును 0.05 మేర తిప్పికొట్టిందనుకుందాం. 0.45ను 0.55తో భాగిస్తే 0.82. గాలికి మట్టలు చీలి పరారుణం 0.30కి తగ్గి, ఎరుపు 0.10కి పెరిగితే సూచిక 0.50. సూత్రం కంఠతా పట్టడం కన్నా ఇలా ఒకసారి కాగితం మీద వేసుకుంటే మరచిపోరు.

ఇక చిక్కు సంగతి. ఉద్దానం తోట ఒకే అంతస్తు కాదు. కొబ్బరి కింద పనస, మామిడి, జీడి, అరటి కలగలిసి ఉంటాయి. కెమెరాకు కనిపించేది పై కప్పు మాత్రమే. కొబ్బరి పడిపోతే నేలమీద ఎండ పడుతుంది, అక్టోబరు తేమకు కలుపు కమ్ముకుంటుంది, కొన్ని వారాల్లో సూచిక మళ్లీ పైకి లేస్తుంది. పొడుగు రకం కొబ్బరి మొక్క కాపుకు రావడానికి మాత్రం ఆరేడేళ్లు కావాలి. అందువల్ల తుపానుకు ముందు ఒక చిత్రం, తర్వాత ఒక చిత్రం పక్కపక్కన పెట్టి తేల్చేస్తే తప్పులో కాలేసినట్టే. అదే నెల చిత్రాలను ఏళ్ల తరబడి వరుసగా చూడాలి.

ఒక పిక్సెల్‌లో ఎన్ని చెట్లు?

కొబ్బరిని 7.5 మీటర్ల ఎడంతో నాటితే ఒక్కో చెట్టుకు సుమారు 56 చదరపు మీటర్ల నేల. ఇప్పుడు మన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలోని మూడు కెమెరాలు చూడండి. ఎడబ్ల్యూఐఎఫ్‌ఎస్ పిక్సెల్ వెడల్పు 56 మీటర్లు, అంటే ఒక చుక్కలో దాదాపు 56 చెట్లు. లిస్-3 పిక్సెల్ 23.5 మీటర్లు, దాదాపు పది చెట్లు. లిస్-4 పిక్సెల్ 5.8 మీటర్లు, ఒక చెట్టు స్థలంకన్నా చిన్నది. ఐరోపా సెంటినెల్-2 పిక్సెల్ 10 మీటర్లు, రెండు చెట్లలోపు. ఉద్దానం పాత తోటల్లో వరసలు ఇంత కొలత ప్రకారం ఉండవు కానీ అంచనాకు ఇది చాలు.

సూక్ష్మంగా చూసే కెమెరానే ఎప్పుడూ వాడొచ్చుగా అంటే కుదరదు. ఎడబ్ల్యూఐఎఫ్‌ఎస్ ఒక్క ఊపులో 740 కిలోమీటర్ల వెడల్పు చూసి అయిదు రోజులకోసారి తిరిగి వస్తుంది. లిస్-3 చూసేది 141 కిలోమీటర్లే, మళ్లీ అదే చోటికి రావడానికి 24 రోజులు. స్థల విభేదన పెరిగితే కాల విభేదన తగ్గుతుందని పుస్తకాల్లో ఉండే వాక్యానికి అర్థం ఇదే. మిగతా రెండు విభేదనలు వర్ణపట, రేడియోమెట్రిక్. నాలుగూ ప్రిలిమ్స్‌కు పనికొస్తాయి.

తిత్లీ తర్వాత కొబ్బరికి పరిహారం లెక్కగట్టింది చెట్టు చొప్పున. పది చెట్లు ఒక చుక్కగా కనిపించే పటం ఏ ఊళ్లో దెబ్బ ఎక్కువో చెప్పగలదు, ఎవరి గట్టు లోపల ఎన్ని పడ్డాయో చెప్పలేదు. దానికి రిజిస్టరు పట్టుకుని తోటలోకి దిగాల్సిందే.

తుపానును చూసే కన్ను, తోటను చూసే కన్ను

తుపాను దారిని కనిపెట్టేవి భూస్థిర కక్ష్యలోనివి. తిత్లీ సమయానికి మనకు ఇన్సాట్-3డీ, 2016లో ప్రయోగించిన ఇన్సాట్-3డీఆర్ ఉన్నాయి. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండి భూమితోపాటు తిరుగుతాయి కాబట్టి బంగాళాఖాతం ఎప్పుడూ వాటి ఎదుటే ఉంటుంది. అప్పట్లో ఒక్కోటి అరగంటకో చిత్రం, రెండూ కలిసి పావుగంటకొకటి ఇచ్చేవి. పరారుణ పిక్సెల్ మాత్రం 4 కిలోమీటర్లు. మేఘాల చుట్ట ఆకారం, పైభాగం చల్లదనం బట్టి తీవ్రత అంచనా వేసే పద్ధతికి డ్వోరక్ పద్ధతి అని పేరు. సముద్రం మీద గాలిని కొలిచింది స్కాట్‌శాట్-1. అలల గరుకుదనం నుంచి తిరిగొచ్చే రాడార్ తరంగాన్ని బట్టి గాలి వేగం, దిశ లెక్కించేది.

తోటను చూసేవి సూర్యానువర్తన కక్ష్యలో, సుమారు 700 నుంచి 800 కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ ఒకే స్థానిక సమయానికి దాటుతాయి. నీడలు ఒకేలా ఉంటాయి కనుక ఏళ్ల మధ్య పోలిక కుదురుతుంది. ఈ రెండు కక్ష్యలను తారుమారు చేసే బిట్లు పరీక్షల్లో కొత్తేమీ కాదు.

ఇంకో బిట్, తుపానులు తీరం దాటిన తేదీలు: ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. తిత్లీ అంటే సీతాకోకచిలుక, పేరు పెట్టింది పాకిస్థాన్.

మబ్బు అడ్డం వస్తే

తుపాను పోయినా మబ్బు వెంటనే పోదు. అప్పుడు అక్కరకొచ్చేది సింథటిక్ అపెర్చర్ రాడార్. తానే తరంగాన్ని పంపి తానే అందుకుంటుంది, రాత్రయినా మబ్బయినా దానికి ఒకటే. నిలిచిన వరద నీరు అద్దంలా తరంగాన్ని పక్కకు కొట్టేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా పడుతుంది. సెంటినెల్-1 రాడార్ సి-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. చిక్కటి కొమ్మల్లో అది చాలావరకు పైనే ఆగిపోతుంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్‌కు ఇక్కడే ప్రాధాన్యం. నాసా ఇచ్చిన ఎల్-బ్యాండ్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, ఆకులు దాటి మాను దాకా పోగలదు. ఎస్-బ్యాండ్ ఇస్రోది. నిలువు మాను, నేల కలిసిన మూలకు తగిలిన తరంగం రెండుసార్లు ప్రతిఫలించి గట్టిగా వెనక్కి వస్తుంది. మాను పడిపోతే ఆ మూలే ఉండదు. కెమెరా చెప్పలేకపోయిన విషయాన్ని రాడార్ పసిగట్టే అవకాశం అలా వచ్చింది. నైసార్ పన్నెండు రోజులకోసారి అదే చోటికి వస్తుంది.

భూగోళం లెక్కలు

1992లో వెళ్లిన టోపెక్స్/పొసైడాన్‌తో మొదలైన ఆల్టీమీటర్ల వరుస 1993 నుంచి సముద్రమట్టం సగటున సుమారు 10 సెంటీమీటర్లు పెరిగిందని చెబుతోంది. ఇస్రో, ఫ్రాన్స్ కలిసి 2013లో పంపిన సరళ్ ఆ కోవలోదే. భూగర్భ జలాల మార్పును గురుత్వాకర్షణ తేడాతో పసిగట్టినవి 2002 నాటి గ్రేస్, 2018 నాటి గ్రేస్-ఫాలో ఆన్. అయితే గ్రేస్ చూపు వందల కిలోమీటర్ల స్థాయిది, ఏడు మండలాల ఉద్దానం అందులో చుక్క కూడా కాదు. ఉద్దానాన్ని వేధిస్తున్న కిడ్నీ జబ్బుల నేపథ్యంలో ఇక్కడి నీళ్లలో ఏముందన్నది ఏ ఉపగ్రహమూ చెప్పదు, బోరు నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాలి.

ఓజోన్ కథ ఇంకా గట్టి పాఠం. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రాన్ని 1985లో ముందుగా ప్రకటించింది నేలమీది పరికరంతో పనిచేసిన బ్రిటిష్ బృందం. 1978 నుంచి పైన తిరుగుతున్న నింబస్-7 కూడా ఆ తక్కువ విలువలను కొలిచింది. కానీ అంత తక్కువ ఉండకూడదని లెక్కల పద్ధతి వాటికి అనుమానపు గుర్తు పెట్టింది. తర్వాత అదే సమాచారం రంధ్రం విస్తీర్ణాన్ని పటంగా చూపింది.

బీల ఏ అట్లాసులో?

సోంపేట బీల, కాకరాపల్లి తంపర భూములు తడినేలలు. వరి, చేపలు, పశువుల మేత, చుట్టూ ఊళ్లకు నీటి ఊట అన్నీ వాటినుంచే. సోంపేట దగ్గర థర్మల్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ నేల పనికిరానిదని ఒకరు, బతుకే అదని ఒకరు వాదించారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ఉద్యమకారులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది.

ఉపగ్రహం ఇందులో ఎక్కడుంది? హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ తయారుచేసే బంజరు భూముల అట్లాసులో నీరు నిలిచే, చిత్తడి నేలలు ఒక తరగతి. అహ్మదాబాదులోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2006-07 లిస్-3 చిత్రాలతో చేసిన చిత్తడి నేలల అట్లాసు అలాంటి నేలలనే కాపాడాల్సిన సంపదగా లెక్కించి, దేశంలో 1.526 కోట్ల హెక్టార్లని, భౌగోళిక విస్తీర్ణంలో 4.63 శాతమని తేల్చింది. ఒకే రకం నేల, ఒకే రకం చిత్రం, రెండు పేర్లు. పేరు పెట్టేది పిక్సెల్ కాదు, తరగతుల జాబితా రాసినవారు.

ఇలా అడగొచ్చు

1. వృక్ష సూచిక పెరిగినంత మాత్రాన తోట కోలుకుందని చెప్పలేకపోవడానికి కారణాలు రాయండి.
2. వరద విస్తీర్ణాన్ని గుర్తించడంలో ఆప్టికల్ కెమెరాకన్నా రాడార్ ఎందుకు మేలు?
3. సెంటినెల్-2 చిత్రాలు ఎవరికైనా ఉచితం. 2017, 2018, 2019 నవంబరు నెలల్లో మీ మండలం మీది చిత్రాలు తీసుకుని, ఒక తోటను ఎంచుకుని, అందులో మారిందేమిటో ముందు పిక్సెళ్లలో రాయండి. తర్వాత ఆ తోట యజమానిని అడిగి పక్కన రాయండి.