తుంగభద్ర పొత్తు

పడమటి కనుమలయందు పుట్టిన తుంగయు, భద్రయు కూడలి యను చోట కలిసి ఒక్క నదియై తూర్పునకు ప్రవహించును. ఈ నదికి ఆనకట్ట కట్టి, కరవుసీమకు నీరు తేవలయునని కాటన్ దొర 1860 ప్రాంతముననే తలంచెను. కాని అప్పుడు ఒక గట్టు మదరాసు ప్రభుత్వముది, రెండవ గట్టు నైజాముది. ఒడంబడిక కుదురుటకు ఎనుబది యేండ్లు దాటినవి. ఈలోగా, 1876లో వచ్చిన ధాత కరవు రాయలసీమలో ఊళ్లకు ఊళ్లనే పాడుపెట్టినది.

1944లో ఒప్పందము కుదిరినది. 1945 ఫిబ్రవరి 28న ఇరుగట్లమీదను శంకుస్థాపనలు జరిగినవి. సున్నము, సుర్కీ కలిపిన గచ్చుతో రాతిని పేర్చి కట్టిన యా యానకట్టనుండి 1953లో కాలువలకు నీరు వదలిరి. ఆ యేటనే ఆంధ్రరాష్ట్ర మేర్పడగా, బళ్లారి మైసూరులో చేరెను. ఆనకట్ట యొకచోట, ఆయకట్టు వేరొకచోట నయ్యెను. అందుచే నీటి పంపకమునకై తుంగభద్ర బోర్డును నెలకొల్పిరి. నేడు దానియందు కేంద్రముతోపాటు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ప్రతినిధులు కలరు. ఏటేటా రాగల నీటిని అంచనా వేయుదురు. తగ్గినచో అందరి పాలును తగ్గును. తగవులు లేవని కాదు. పంచుకొను పద్ధతి మాత్రము నిలిచియున్నది.

ఆ పద్ధతి నీటిని కొలిచినది గాని, నీటివెంట వచ్చు మట్టిని లెక్కింపలేదు. మొదట 133 శతకోటి ఘనపుటడుగులు పట్టిన జలాశయమున నేడు సుమారు 105 మాత్రమే పట్టును. దిగువ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటా 24 శతకోటులు. పూడిక మ్రింగినది అంతకన్న మిన్న! ఎగువ కొండలపై చెట్లు నరికి, వాలునేలలు దున్ని, గనులు త్రవ్విన కొలది ప్రతి వానకును మట్టి కదలి వచ్చును.

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి, 19వ గేటు కొట్టుకొనిపోయినది. కన్నయ్యనాయుడు మొదలగు నిపుణులు, కార్మికులు పారుచున్న నీటిలోనే ఉక్కు పలకలు దింపి, వారము దినములలో దానిని మూసిరి. పూడిక కట్టి పని లేదు. తీయుదమన్న వ్యయము అపారము. తీసిన మట్టి పోయుటకు చోటేది? నవలియొద్ద మరియొక జలాశయము కట్టుదమని కర్ణాటక ప్రతిపాదించినది. అదియు పూడకుండునా?

ఆదోని రైతు మలెనాటి చెట్టును ఎన్నడును చూచియుండడు. అయినను వాని మడికి నీరు వచ్చుట ఆ చెట్టు వేళ్లమీద ఆధారపడియున్నది. కావున ఎగువ అడవుల పెంపకమునకు, వాలుపొలముల కట్టలకు మూడు రాష్ట్రములును కలిసి ప్రణాళిక వ్రాసికొనుటయే ముందు జరుగవలసిన పని యని తోచుచున్నది. అందలి వ్యయమును నీటి వాటాల చొప్పుననే పంచుకొనవచ్చును.