బ్రతికుండగా మోసే నలుగురు

చదవవలసిన వేదభాగం: మార్కు సువార్త 2:1–12

విభూది బుధవారంనాడు నుదుట బూడిద పెట్టించుకొని, "ఈ నలభై రోజులూ ముట్టను ఫాదర్" అని గుడి మెట్లమీద మాట ఇచ్చి వెళ్ళే మగవారు మన ప్రతి విచారణలోనూ ఉన్నారు. మంచి ఆచారమే. ఆ నలభై రోజులూ కొన్ని ఇళ్ళలో పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు. ఉత్థాన పండుగ రాత్రికి మళ్ళీ సీసా మూత తెరుచుకోవడం వేరే సంగతి. అయితే నలభై రోజులు కాదు గదా, నాలుగు రోజులు కూడ ఆగలేనివారు కొందరుంటారు. గుణదల మాత పాదాల దగ్గర మొక్కుకొని, కొండ దిగి విజయవాడ బస్టాండు చేరేలోగా ఆ మొక్కు తప్పినవారున్నారు. అలాంటివారిని చూసి మనం తేలికగా అనేసే మాట ఒకటుంది: "వాడికి విశ్వాసం లేదండీ, ఉంటే మానేవాడు." ఈ వారం పాఠంలో ఆ మాట ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

కఫర్నాములో యేసుప్రభువు ఉన్న ఇంటికి ఒక పక్షవాత రోగిని నలుగురు మోసుకువచ్చారు. వాకిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు, దారి లేదు. వాళ్ళు వెనుదిరగలేదు. ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, పడకతో సహా అతణ్ణి ప్రభువు ముందుకు దించారు. అప్పుడు ప్రభువు చూచినది 'వారి' విశ్వాసాన్ని అని మార్కు వ్రాశారు. ఆ రోగి ఒక్క మాటైనా పలికినట్లు ఈ భాగంలో ఎక్కడా లేదు. 'వారి' అన్న మాటలో రోగిని కూడ కలుపుకున్నా, ఆ నలుగురినీ మాత్రం తీసివేయడానికి వీలులేదు. మన తెలుగునాట "మోయడానికి నలుగురు కావాలి" అంటే పాడె గుర్తుకొస్తుంది. సువార్తలోని నలుగురు బ్రతికున్నవాణ్ణి మోశారు. తాగుడుకు బానిసైనవాని విషయంలో మనకున్న లోటు అక్కడే. చివరిరోజున మోయడానికి ఊరంతా వస్తుంది.

మనిషి తన ఇష్టంతోనే మొదటి గుక్క తాగుతాడు, దానికి బాధ్యుడూ అతడే. కాని వందల గుక్కల తరువాత సంగతి వేరు. చేతిలోని రాయిని విసరడమో మానడమో నా ఇష్టం, విసిరిన తరువాత దానిని వెనక్కు రప్పించడం నా ఇష్టంలో లేదు అని అరిస్టాటిల్ ఉదాహరణ. పునీత అగస్టీనువారు ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళి, వక్రించిన ఇష్టం కోరికగా, కోరిక అలవాటుగా, అలవాటు తప్పనిసరి అవసరంగా మారడాన్ని గొలుసు లంకెలతో పోల్చారు. ఆయన తల్లి పునీత మోనికమ్మగారు చిన్నతనంలో తొట్టినుండి ద్రాక్షసారాయం తీసుకురమ్మంటే దొంగచాటుగా ఒక్కొక్క గుక్క తాగి, అలవాటు ముదిరి గిన్నెలకు గిన్నెలు తాగే స్థితికి వచ్చారనీ, ఇంట్లో దాసి ఒకతె కోపంలో ముఖంమీదే ఎత్తిపొడిస్తే సిగ్గుపడి మానుకున్నారనీ కూడ ఆయనే వ్రాశారు. మన అమ్మలు జపమాల చేతబట్టుకొని వేడుకొనే మోనికమ్మగారికి ఈ సంగతి అనుభవమే.

ఎత్తిపొడుపు ఆమెకు పనిచేసింది గనుక అందరికీ పనిచేస్తుందని ఎవరూ అనుకోవద్దు. అలవాటు బలంవల్ల మనిషి బాధ్యత తగ్గవచ్చునని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం చెబుతున్నది. అదే గ్రంథం తాగి బండి నడిపి ఇతరుల ప్రాణం మీదికి తెచ్చేవాని దోషం ఘోరమైనదని కూడ హెచ్చరిస్తున్నది. రెండూ గుర్తుంచుకోవాలి. తాగుడు పాపమా, రోగమా అని అడిగేవారికి నా సమాధానం: పాపంగా మొదలైనది రోగంగా ముదరవచ్చు. పాపసంకీర్తనం కావాలి, డాక్టరూ కావాలి.

ఇక మాట్ టాల్బట్ అనే కూలివాని సంగతి చెప్పుకుందాం. ఈయన 1856లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో పేద కుటుంబంలో పుట్టాడు. పన్నెండుమంది పిల్లల్లో రెండవవాడు. పన్నెండేళ్ళకే మద్యం సీసాలు నింపే కంపెనీలో పనికి కుదిరాడు, అక్కడే రుచి మరిగాడు. ఆ తరువాత పదహారేళ్ళు జీతమంతా తాగుడుకే. డబ్బు లేనప్పుడు కాళ్ళ బూట్లు కుదువబెట్టి తాగేవాడు. ఒకసారి వీధిలో ఫిడేలు వాయించుకొని బ్రతికే బీదవాని ఫిడేలు కాజేసి అమ్ముకొని తాగారు, తానూ తన స్నేహితులూ. మారుమనస్సు పొందిన తరువాత ఆ ఫిడేలువాని కోసం ఊరంతా వెతికి, కనబడక, ఆ సొమ్ముతో అతని ఆత్మకోసం పూజలు చెప్పించాడు.

1884లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయస్సులో, వారం రోజులు పని లేక జేబు ఖాళీ అయింది. శనివారం మధ్యాహ్నం, తోటి కూలీలు జీతం తీసుకొని వచ్చే దారిలో సారాకొట్టు దగ్గర నిలబడ్డాడు. తన డబ్బుతో ఎన్నోసార్లు తాగినవాళ్ళు. ఎవరో ఒకరు పిలవకపోతారా అనుకున్నాడు. పలకరించినవారు పలకరించారు, లోపలికి రమ్మని ఒక్కరూ అనలేదు. ఇంటికి పోయి తల్లితో, తాగనని ప్రమాణం చేయడానికి పోతున్నానన్నాడు. నిలబెట్టుకొనే ఉద్దేశం ఉంటేనే పో నాయనా, దేవుడు నీకు బలమివ్వాలి అన్న భావంతో ఆ తల్లి దీవించి పంపింది. క్లాన్‌లిఫ్‌లోని హోలీ క్రాస్ గురువిద్యాలయానికి వెళ్ళి, పాపసంకీర్తనం చేసి, ప్రమాణం చేశాడు. ఎంతకాలానికి? జీవితమంతటికీ కాదు. మూడు నెలలకు. అది గడిచాక ఆరు నెలలకు, ఆ తరువాతే బ్రతుకంతా.

ఆ మొదటి మూడు నెలలు నరకయాతన. గడువు తీరగానే మళ్ళీ తాగుతానని తల్లితో అనేవాడట. అయితే ఏం చేశాడో చూడండి. తెల్లవారుజామున అయిదు గంటల పూజకు వెళ్ళి, అటునుంచి పనికి పోయేవాడు. సాయంత్రం పని వదిలాక స్నేహితులు తిరిగే వీధులు తప్పించుకొని దూరాన ఉన్న గుళ్ళకు నడిచిపోయేవాడు. జేబులో డబ్బు పెట్టుకోవడం మానుకున్నాడు. అంటే, తాగే గంటలను వేరే పనితో నింపాడు. తరువాత హికీ అనే విద్వాంసుడైన గురువు ఆయనకు ఆత్మీయ మార్గదర్శకుడయ్యారు, మంచి పుస్తకాలు ఇచ్చారు. 1890లో పునీత ఫ్రాన్సిస్ మూడవసభలో చేరాడు. పాత బాకీలన్నీ తీర్చాడు. నలభై ఏళ్ళు పైబడి చుక్క ముట్టలేదు. 1925 జూన్ 7, త్రిత్వ పండుగ ఆదివారంనాడు పూజకు పోతూ దారిలో కుప్పకూలి మరణించాడు. ఆరవ పౌలు పోపుగారు 1975లో ఆయనను 'గౌరవనీయులు' అని ప్రకటించారు. ఆయన ఒంటిమీద తపస్సుకోసం ధరించిన గొలుసులు దొరికాయని చాలామంది వింతగా చెప్పుకుంటారు. మనకు ఆ గొలుసులు అక్కరలేదు. తల్లి, పాపసంకీర్తనం విన్న గురువు, రోజూ పూజ, సాయంత్రం పూట తెరిచి ఉన్న గుళ్ళు, మూడవసభ సహోదరులు అక్కరకు వస్తారు. ఆయన పడకను మోసింది వీరే.

ఆ దేశంలోనే అంతకుముందు, 1838లో, థియొబాల్డ్ మాత్యూ అనే కపూచిన్ గురువు ప్రమాణ ఉద్యమం మొదలుపెట్టగా లక్షలాది జనం ఆయన ఎదుట మోకరించి తాగమని మాట ఇచ్చారు. 1845 తరువాత వచ్చిన ఘోరమైన కరువుతోనూ, 1856లో ఆయన మరణంతోనూ ఆ ఉప్పెన తగ్గిపోయింది. గుంపుగా మాట పుచ్చుకోవడం తేలిక. మరునాడు ఒక్కొక్కరి తలుపు తట్టేవారు ఎక్కడ?

ఈ ప్రశ్నకు అమెరికాలో 1935లో ఒక జవాబు దొరికింది. బిల్ విల్సన్ అనే వ్యాపారి అప్పటికి అయిదు నెలలుగా తాగుడు మానుకొని ఉన్నాడు. ఆక్రన్ అనే ఊళ్ళో బేరం చెడి, హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక ప్రక్క మద్యశాల నవ్వులు, ఒక ప్రక్క టెలిఫోను. ఫోను దగ్గరకు పోయి, అక్కడున్న గుళ్ళ జాబితా చూసి ఒక పాదిరిగారికి ఫోను చేసి, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే కలపమని అడిగాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ పరిచయమయ్యాడు. ఆ డాక్టరుకు బోధించడానికి కాదు, తాను నిలబడడానికే అతనితో మాట్లాడాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టుక అదే. 1939లో ఆ ఊరి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా ఇలాంటి రోగులను చేర్చుకోవడం ప్రారంభించారు. అప్పట్లో ఆసుపత్రులు వారిని గడప తొక్కనిచ్చేవి కావు. నయమై వెళ్ళేవారికి ఆమె తిరుహృదయ పతకం ఒకటి ఇచ్చి, మళ్ళీ తాగాలనిపిస్తే ముందు ఇది తెచ్చి నా చేతికిచ్చి తరువాత తాగమని చెప్పేవారు. ఆ పతకంలో మంత్రమేమీ లేదు. తాగడానికి ముందు ఒక మనిషి ముఖం చూడాలి, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణికేవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోగా ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనబడి, ఎవరో పిలుస్తున్నట్లు వినబడి కేకలు వేయవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. మన పల్లెల్లో దీనిని చూసి దయ్యం పట్టిందని కట్టేసి ప్రార్థన కూటాలకు తీసుకుపోతున్నారు. అది దయ్యం కాదు. ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, ప్రార్థన ఆసుపత్రి మంచం ప్రక్కన చేద్దాం. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 14446 నంబరుకు ఫోను చేస్తే మత్తు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు.

రెండవది, తాగుడు మాన్పించే మాత్రలు భర్తకు తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో కలపడం. ఎందరో తల్లులు ప్రేమతోనే చేస్తున్న పని ఇది. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కొక్కసారి మరణం. డాక్టరు చెప్పి, రోగి ఒప్పుకొని వేసుకొనే మందు అది. చాటుగా పెట్టేది కాదు.

ఇంటివారికి ఇంకొక మాట. భర్త చేసిన అప్పు తీర్చడం, పని మానితే జ్వరమని మేస్త్రీకి అబద్ధం చెప్పడం, ఇవన్నీ భారం మోయడంలా కనబడతాయి గాని నిజానికి తాగుడుకు ఊతమవుతాయి. తాగేవారి కుటుంబాలకోసం 1951లో అల్-అనాన్ అని వేరే సహవాసం పుట్టింది అందుకే. కొట్టే భర్త దగ్గర ప్రాణభయంతో పడి ఉండడమే శిలువ మోయడమని ఏ ఆడబిడ్డకూ ఎవరూ బోధించవద్దు. తననూ పిల్లలనూ కాపాడుకోవడానికి కొన్ని సందర్భాల్లో వేరుగా ఉండవలసి వస్తుందని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో కుటుంబాల గురించి వ్రాసిన ఉపదేశంలో ఒప్పుకున్నారు.

మన ఆడవారి బలం చిన్నది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న స్త్రీలు, రోశమ్మగారి వంటివారు, ఊళ్ళోకి సారా రానివ్వలేదు. ఆ నిప్పు జిల్లాలు దాటి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తివేశారు. చట్టం వస్తుంది, పోతుంది. ఒంటరిగా ఒక్కొక్క ఇంట్లో ఏడ్చినవారు ఒకచోట కూర్చున్నందువల్ల కదా అంత జరిగింది!

మరి మన విచారణ ఏం చేయాలి? సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది గంటలవరకు, తాగేవాడు కొట్టు వైపు నడిచే ఆ మూడు గంటల్లో, మన గుళ్ళకు తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీయాలి. మానిన వ్యక్తికి ఆ గంటల్లో ఒక పని, ఒక తోడు కావాలి. జపమాల కావచ్చు, గుడి తోటకు నీళ్ళు పెట్టడం కావచ్చు, క్యారంబోర్డు అయినా సరే. మరియదళం వారు, విన్సెంట్ ది పాల్ సభవారు ఒక్కొక్క వ్యక్తికి నలుగురిని ఏర్పాటు చేయవచ్చు. ఆ నలుగురిలో ఒకరు తాగి మానినవాడైతే మరీ మంచిది, మా గురువుల ప్రసంగాలకన్నా అతని మాట బాగా ఎక్కుతుంది. పెళ్ళిలోగాని దినంలోగాని మందు పోసే ఇంటికి అతణ్ణి ఒంటరిగా పంపకండి. మళ్ళీ తాగాడని తెలిసిననాడు నవ్వకండి, ఆ సాయంత్రమే వెళ్ళి తీసుకురండి. గురువులు ఈ వ్యాధికి అతీతులని కూడ అనుకోకండి. తాగుడు వ్యాధి ఉన్న గురువులు మేత్రాణుల అనుమతితో పూజలో పులియని ద్రాక్షరసం వాడుకోవచ్చునని రోము నుండి 2003లో వచ్చిన లేఖ వివరించింది. శ్రీసభ తన గురువులను మోసినప్పుడు, విచారణ తన బిడ్డలను మోయలేదా?

ఈ వారం మీ వాడలో చిన్న క్రైస్తవ సంఘం కూడినప్పుడు ఈ వేదభాగం చదివి, పేర్లు ఎత్తకుండా మాట్లాడుకోండి. కఫర్నాములో వాకిట్లో అడ్డంగా నిలబడిన జనం చెడ్డవారేమీ కారు, వాక్యం వినడానికి వచ్చినవారే. అయినా రోగికి దారి లేకపోయింది. మన గుడి వాకిట్లో ఎవరికి దారి లేదు? ఏ మాటవల్ల, ఏ చూపువల్ల? మీ వాడలో సాయంత్రం ఆరు గంటలకు ఖాళీగా ఉండే నలుగురు ఎవరు? ఆ నలుగురి పేర్లు వ్రాసి వచ్చే ఆదివారం పూజ తరువాత ఉపదేశిగారికి ఇవ్వండి. మోయవలసినవారి పేర్లు మాత్రం వ్రాయకండి, అవి మీ విచారణ గురువుగారి చెవిలో చెప్పండి.