పక్షి గూడు ఆజ్ఞ, ఒమాను ఒరిక్స్

వాక్యభాగం: ద్వితీయోపదేశకాండము 22:6,7



ముందుగా బైబిలు తెరిచి పై రెండు వచనాలు చదవండి. సంగతి చిన్నది. దారిలో మీకు పక్షి గూడు కనబడింది, తల్లి పిల్లల మీదో గుడ్ల మీదో కూర్చుని ఉంది. పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలి. అలా చేస్తే మేలు, దీర్ఘాయుష్షు. తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞకు (5:16) ఉన్న వాగ్దానమే ఇది. ఒక గూటికి ఇంత వాగ్దానమెందుకని చాలామంది ఈ మాటలు దాటేసి ముందుకు వెళ్తారు. ఒమానులో ఉంటున్న మనం మాత్రం కాస్త ఆగాలి.

మస్కట్‌లో మీరు పెట్రోలు పోయించుకునే అల్ మహా బంకు తెలుసు కదా. మహా అంటే అరేబియన్ ఒరిక్స్. తెల్లని ఒళ్లు, పొడవాటి నిటారు కొమ్ములు. ఖతార్ ఎయిర్‌వేస్ విమానాల మీద ఉండేదీ ఈ జంతువే. నీరు తాగకుండా చాలాకాలం ఉండగలదు. మొక్కల్లోని తడి, అరేబియా సముద్రం నుండి వచ్చే మంచు దానికి చాలు.

ఖరీఫ్‌కు సలాలా వెళ్లేటప్పుడు హైమా దగ్గర మీరు టీకి ఆగే ఉంటారు. ఆ చుట్టుపక్కల మైదానమే జిద్దత్ అల్ హరాసిస్. అడవిలో మిగిలిన చివరి ఒరిక్స్‌లను 1972లో అక్కడే వేటగాళ్లు చంపేశారు. అయితే పదేళ్ల ముందే, 1962లో, కొందరు జాగ్రత్తపడి కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేర్చారు. తొమ్మిది జంతువులతో అక్కడ మంద మొదలైంది. మన ఐటీ భాషలో చెప్పాలంటే ఆఫ్‌సైట్ బ్యాకప్. సుల్తాన్ ఖాబూస్ ప్రోత్సాహంతో 1982లో ఒరిక్స్‌లను జలూనీ దగ్గర మళ్లీ ఎడారిలోకి వదిలారు. కాపలాకు హరాసిస్ తెగవారినే పెట్టారు. 1994లో ఆ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1996 నాటికి సుమారు 450 ఒరిక్స్‌లున్నాయి.

అదే ఏడాది దొంగవేట మళ్లీ మొదలైంది. ఈసారి మాంసానికి కాదు. విదేశాల్లోని సంపన్నుల సొంత జంతుశాలలకు అమ్మడానికి ప్రాణాలతో పట్టుకుపోయారు. ఎక్కువ ధర పలికేవి ఆడవి, పిల్లలు. 1998 సెప్టెంబరు నాటికి అడవిలో 138 మిగిలాయని అంచనా. వాటిలో ఆడవి 28 మాత్రమే. ఒరిక్స్ ఒక కాన్పులో ఒక్క పిల్లనే, దాదాపు తొమ్మిది నెలలు మోసి కంటుంది. మగవి ఎన్ని మిగిలినా ఆడవి పోతే మంద నిలవదు. తల్లిని, పిల్లను కలిపి తీసుకోవద్దని మోషే ద్వారా దేవుడు చెప్పిన మాటకు ఇంతకంటే తేటైన వ్యాఖ్యానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

2007 నాటికి మిగిలినవి 65, పిల్లలను కనగల జంటలు సుమారు నాలుగు. చమురు అన్వేషణ కోసం ప్రభుత్వం అభయారణ్యాన్ని 90 శాతం తగ్గించింది. ఆ ఏడాదే యునెస్కో దాన్ని జాబితా నుండి తీసేసింది. అలా తొలగించిన మొదటి స్థలం అదే.

ఇక్కడ మనం తొందరపడి వేలెత్తి చూపకూడదు. ఒమానులో మన జీతాలు, మనం ఇంటికి పంపే డబ్బు, చాలావరకు ఆ చమురు ఆదాయంతో ముడిపడినవే. వాక్యం కూడా వాడుకోవద్దని చెప్పలేదు. గుడ్లు తీసుకోవచ్చంది. రేపు మళ్లీ గుడ్లు పెట్టగల దాని జోలికి పోవద్దంది. ప్రతి జీవనోపాధిలోనూ ఆ గీత ఎక్కడుందో వెదకడం విశ్వాసి పని. సులువైన పనని నేననను.

కథ అక్కడితో ముగిసిపోలేదు. సౌదీ అరేబియా, ఇజ్రాయేలు, యుఏఈలలో కూడా ఒరిక్స్‌లను వదిలారు. అడవిలో వాటి సంఖ్య వెయ్యి దాటడంతో 2011లో ఐయూసీఎన్ వాటి స్థాయిని అంతరించే ప్రమాదం నుండి ఒక మెట్టు తగ్గించింది. అడవిలో పూర్తిగా అంతరించి ఆ మెట్టుకు తిరిగొచ్చిన మొదటి జంతువు ఇదే. జలూనీలో కూడా వందల సంఖ్యలో ఉన్నాయి, ఎక్కువగా కంచె లోపల. కంచెలోని మందను చూసి అంతా సర్దుకుందనుకోవడం, బ్యాకప్ ఉందని సర్వర్‌ను గాలికొదిలేయడం వంటిది.

ఈ వారం గృహకూడికలో ఈ భాగం చదివి, ధర్మశాస్త్రం గుడ్లు తీసుకోవద్దని ఎందుకు అనలేదో పిల్లలను అడగండి. వాళ్ల జవాబులు విన్నాకే పెద్దలు మాట్లాడండి.