బయటివారికి తలుపు తెరుచుకోదేం?

విద్యార్థులారా! ఉచితంగా పంచుకోదగిన లినక్సు ప్రతిని మీ ఇంటి కంప్యూటరు నుండి బిట్‌టారెంటు పద్ధతిలో నలుగురికీ అందించాలనుకున్నారు. సాఫ్టువేరు నడుస్తోంది. రౌటరులో 'పోర్టు ఫార్వర్డింగు' పేజీ తెరిచి నంబరు కూడా వ్రాశారు. అయినా 'పోర్టు మూసి ఉన్నది' అన్న మాటే కనిపిస్తోంది. తోచిన మీటలన్నీ నొక్కితే లాభం లేదు. ప్రయోగశాలలో లాగా ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి తోసివేయాలి.

ముందు రౌటరు చేసే పని తెలియాలి. పాత పద్ధతిలో ఇంటర్నెట్టు చిరునామా 32 బిట్ల సంఖ్య. అంటే మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లే. వీటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. అందువల్ల సాధారణంగా ఇల్లంతటికీ కలిపి బయటి చిరునామా ఒక్కటే ఉంటుంది. లోపలి పరికరాలకు రౌటరు 192.168 తో మొదలయ్యే చిరునామాల వంటివి పంచుతుంది.

దీన్ని ఒక హాస్టలుతో పోల్చవచ్చు. గదిలోని విద్యార్థి ఉత్తరం వ్రాస్తే గుమాస్తా రిజిస్టరులో గుర్తు పెట్టుకుని, జవాబు రాగానే ఆ గదికి పంపుతాడు. ఎవరూ అడగకుండా వచ్చిన ఉత్తరం ఏ గదిదో ఆయనకు తెలియదు, పక్కన పడేస్తాడు. "51413 నంబరుతో వచ్చినవన్నీ 5వ గదికి ఇవ్వండి" అని ముందే చెప్పి ఉంచడమే పోర్టు ఫార్వర్డింగు.

ఇక పరీక్షలు. సాఫ్టువేరు నడుస్తుండగానే చూడాలి. వినేవాడు లేకపోతే నియమం సరిగా ఉన్నా పోర్టు మూసినట్లే కనిపిస్తుంది. సాఫ్టువేరులోని నంబరు, రౌటరులోని నంబరు ఒకటేనా? టి.సి.పి., యు.డి.పి. రెండింటికీ నియమం ఉన్నదా?

తరువాత ఇంట్లోని మరో కంప్యూటరు నుండి, టెల్‌నెట్ వంటి సాధనంతో, 192.168.1.5 (మీ కంప్యూటరుకు ఏది ఉంటే అది) చిరునామాకు, ఆ పోర్టుకు ప్రయత్నించండి. లోపలి నుండే కలవలేదంటే రౌటరును తప్పు పట్టనక్కరలేదు. చాలాసార్లు కంప్యూటరులోని ఫైర్‌వాలే అడ్డుపడుతుంది.

నిన్న పనిచేసి నేడు ఆగితే, లోపలి చిరునామా మారి ఉండవచ్చు. విద్యార్థి గది మారాడు, గుమాస్తా మాత్రం పాత గదికే ఇస్తున్నాడు! ఆ కంప్యూటరుకు ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేటట్లు రౌటరులో కేటాయించాలి.

అన్నీ సరిగా ఉన్నా పని జరగకపోతే? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. రౌటరు తన బయటి చిరునామాగా చూపే సంఖ్యను వ్రాసుకోండి. 'నా ఐ.పి. ఏది' అని చెప్పే సైటులో కనిపించే సంఖ్యతో పోల్చండి. రెండూ వేరైతే మీ రౌటరుకు అవతల మరో రౌటరు ఉన్నదని అర్థం. అది ఇంట్లోని మోడెమే కావచ్చు; అప్పుడు అక్కడ కూడా నియమం వ్రాయాలి. రౌటరు చూపే చిరునామా 100.64 నుండి 100.127 లోపు మొదలైతే ఆ రెండవ గుమాస్తా కంపెనీవాడు. ఈ చిరునామాలను 2012లో ఇందుకే ప్రత్యేకించారు. ఇవి 2 ఘాతం 22, అనగా 41,94,304. ఇంట్లో ఎన్ని నియమాలు వ్రాసినా ఇక ఫలితం ఉండదు. కంపెనీని విడి చిరునామా అడగాలి, లేదా 128 బిట్ల ఐ.పి. 6వ కూర్పును వాడాలి. అందులో చిరునామాల కొరత లేదు గాని, రౌటరు ఫైర్‌వాలులో అనుమతి ఇవ్వవలసి రావచ్చు.

చివరి పరీక్ష ఇంటి వైఫై నుండి చేయవద్దు. కొన్ని రౌటర్లు లోపలి నుండి బయలుదేరినదాన్ని తిరిగి లోపలికి మళ్ళించలేవు. సెల్‌ఫోను డేటా వాడండి. విసుగెత్తి 'డి.ఎం.జెడ్.' మీట నొక్కేవారున్నారు. దానివల్ల ఒక్క పోర్టు కాదు, దాదాపు అన్నీ ఆ కంప్యూటరుకే తెరుచుకుంటాయి. అది ప్రమాదం. పంచడం పూర్తయ్యాక నియమాన్ని తొలగించి బయటి నుండి మళ్ళీ పరీక్షించండి; ఈసారి 'మూసి ఉన్నది' అనే రావాలి.