బీటెక్ వాళ్లకు సోషల్ ఎందుకు?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఇంజినీరింగ్ పిల్లలకు చరిత్ర, సమాజశాస్త్రం, సాహిత్యం, రాజ్యాంగం తప్పనిసరిగా చెప్పాలా, అక్కర్లేదా?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్ఈ రెండో సంవత్సరం. రాజ్యాంగం, జెండర్ ల్యాబ్ అంటూ ఏవేవో పెట్టారు. లక్షలు పోసి చదివిస్తున్నది వీటికోసమా? ఆ గంటల్లో ఇంకో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ చెబితే ప్లేస్‌మెంట్‌కైనా పనికొస్తుంది కదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ప్లేస్‌మెంట్ లెక్కే చూద్దాం. ఒక దేశపు ఇంజినీరింగ్ కోర్సును ఇంకో దేశం తన కోర్సుతో సమానంగా చూడటానికి వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం ఉంది. 2014 జూన్‌లో భారత్ అందులో పూర్తిస్థాయి సభ్యదేశమైంది. దానికి తగ్గట్టు ఇంజినీరింగ్ పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాలంటూ జాతీయ అక్రిడిటేషన్ బోర్డు (ఎన్‌బీఏ) అప్పట్లో పన్నెండు రాసిపెట్టింది. మొదటి ఐదూ ఇంజినీరింగ్ పరిజ్ఞానం, డిజైన్, టూల్స్ గురించి. మిగతా ఏడూ సమాజం, పర్యావరణం, నైతికత, నలుగురితో కలిసి పనిచేయడం, చెప్పదలచుకున్నది సూటిగా చెప్పడం లాంటివి. చాలా కాలేజీల్లో ఇలాంటి జాబితా డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో బోర్డు మీదే ఉంటుంది. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు ఓ నిమిషం ఆగి చదివితే, ఈ క్లాసులు ఎవరో ఊసుపోక పెట్టినవి కావని తెలుస్తుంది.

ఇంకో సంగతీ ఉంది. ఎంపీసీలో చేరినవాళ్లకు సోషల్ పేపర్ పదో తరగతితోనే సరి. ఇంటర్‌లో తెలుగు వదిలేసి, మార్కుల కోసం సంస్కృతం తీసుకునే అలవాటు అందరికీ తెలిసిందే. అంటే పదిహేనేళ్లప్పుడు బట్టీపట్టిన సివిక్సే పెట్టుబడిగా పిల్లలు ఊళ్లకు వంతెనలు, బ్యాంకులకు యాప్‌లు కట్టే ఉద్యోగాల్లోకి వస్తున్నారు. ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ బాగా వచ్చినవాడు రెండోది వేసవి సెలవుల్లో పట్టేస్తాడు. దాని గురించి బెంగ అక్కర్లేదు.

ప్రశ్న: మా దగ్గర ఇవన్నీ ఎంసీ సబ్జెక్టులు, క్రెడిట్లు ఉండవు. సార్ అటెండెన్స్ తీసుకుని స్లైడ్లు చదువుతారు. మేం వెనక బెంచీలో డేటా స్ట్రక్చర్స్ రికార్డు రాసుకుంటాం. ఇలాంటి చదువు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?
– ఈసీఈ విద్యార్థిని, మేడ్చల్

జవాబు: ఈ అమ్మాయి ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయం. 2018లో ఏఐసీటీఈ తెచ్చిన నమూనా సిలబస్ బీటెక్ మొత్తాన్ని 160 క్రెడిట్లకు తగ్గించింది. అందులో హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు 12 ఇచ్చింది. అయితే ఆ శీర్షికలోనే ‘మేనేజ్‌మెంట్‌తో కలిపి’ అని ఉంది. ఆ వాటాలో ఇంగ్లీషు, మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్, ఫైనాన్షియల్ అనాలిసిస్) లాంటివి కూర్చున్నాక చరిత్రకూ సాహిత్యానికీ మిగిలేది ఎంతో ఊహించడం కష్టం కాదు. రాజ్యాంగం, పర్యావరణం లాంటివి ‘మాండేటరీ, నాన్ క్రెడిట్’ ఖాతాలోకి వెళ్లాయి. చదవడం తప్పనిసరి, విలువ సున్నా! పిల్లలు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అలాగే చేసుకున్నారు.

పర్యావరణం పాఠం వెనక పెద్ద కథే ఉంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు చదువుల్లో పర్యావరణాన్ని తప్పనిసరి చేయమంది. అంత పైనుంచి వచ్చిన మాట ఇప్పుడు చాలాచోట్ల పరీక్ష ముందురోజు తిరగేసే నాలుగు ఇంపార్టెంట్ క్వశ్చన్లుగా మిగిలింది. బలవంతం మాత్రమే పెట్టి బరువు పెట్టకపోతే జరిగేది ఇదే. దానికన్నా ఆ గంట లైబ్రరీకి వదిలేయడం నయం.

బరువు పెట్టినవాళ్లు లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ పరిశోధనతో పేరు మోగిన ఎంఐటీ, యుద్ధం ముగిశాక తన చదువు ఎటు పోతోందో చూడమని ఒక కమిటీ వేసుకుంది. దానికి పెద్ద కెమికల్ ఇంజినీరు వారెన్ లూయిస్. 1949లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత, 1950లో అక్కడ హ్యుమానిటీస్‌కు ప్రత్యేకంగా ఒక స్కూలే పుట్టింది. ఇవాళ ఎంఐటీలో ఏ ఇంజినీరింగ్ చదివినా హ్యుమానిటీస్, కళలు, సోషల్ సైన్సెస్ నుంచి ఎనిమిది సబ్జెక్టులు పూర్తిచేయందే డిగ్రీ చేతికి రాదు. ఎంఐటీ తరహా సంస్థలు మనకూ కావాలన్న సర్కార్ కమిటీ ఆలోచనతోనే 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది. మన దగ్గర చూస్తే, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉంది, దాని కోర్సులకు క్రెడిట్లున్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు హ్యూమన్ సైన్సెస్‌లో ఎంఎస్ పరిశోధన కలిపి చేసే డ్యూయల్ డిగ్రీయే ఉంది. ఇబ్బందల్లా వీటి కింద ఉన్న వందలాది అఫిలియేటెడ్ కాలేజీల్లోనే.

స్త్రీపురుష సమానత్వం గురించి చెప్పే జెండర్ ల్యాబ్‌ను మాత్రం ఈ గాటన కట్టేయకూడదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఈ కోర్సుకు వాడిన పుస్తకాన్ని తెలుగు అకాడమీ 2015లో తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ వేసింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల కూడా నిఘంటువు లేకుండా చదివి నోరు విప్పగల పాఠ్యపుస్తకం బీటెక్‌లో అదొక్కటేనేమో.

ప్రశ్న: పన్నెండేళ్లుగా కోడ్ రాస్తున్నాను. సోషల్ చదవకపోవడం వల్ల నా కోడ్‌లో బగ్ వచ్చిందని ఎవరూ అనలేదు. ఒక్క ఉదాహరణ చూపిస్తారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: కొండాపూర్‌కు దగ్గర్లోనే ఉంది ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థను వాడింది. వేర్వేరు శాఖల డేటాబేస్‌లలో ఉన్న పేర్లను, వివరాలను సరిపోల్చి, ఇదంతా ఒకే మనిషిది అని తేల్చడం దాని పని. కారో ఆస్తో ఉన్నట్టు తేలితే రేషన్‌కు అనర్హుడు. 2016 నుంచి రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటికి వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఈ వ్యవస్థ మీద 2024లో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో హైదరాబాద్‌కు చెందిన ఒక రిక్షా కార్మికుడి కుటుంబం ఉంది. దాదాపు అదే పేరున్న ఇంకొకాయన కారు ఈయన ఖాతాలో పడింది. కార్డు పోయింది, బియ్యం ఆగిపోయాయి.

ఇప్పుడు మన పేర్ల సంగతి చూడండి. ఒకే లక్ష్మి ఆధార్‌లో ‘ఎక్స్’తో, రేషన్ కార్డులో ‘కేఎస్‌హెచ్’తో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట చివర్లో వస్తుంది. పెళ్లయిన ఆడవాళ్లకు కొన్ని కాగితాల్లో పుట్టింటి పేరు, కొన్నింట్లో అత్తింటి పేరు. సయ్యద్, మహమ్మద్ అని మొదలయ్యేవాళ్లు ఒక్కో బస్తీలో వందల్లో ఉంటారు. ఊరి దేవుడి పేరు పెట్టుకున్న పల్లెలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్లు ముగ్గురైనా దొరుకుతారు. ఇంటిపేర్ల మీద, కులాల మీద, వలసల మీద పనిచేసిన ఏ సమాజశాస్త్ర విద్యార్థినైనా అడిగితే ఇది ఐదు నిమిషాల్లో చెప్పేవాడు. రెవెన్యూ ఆఫీసులో అటెండరైనా చెప్పేవాడు. రెండు పేర్లు ఎంత శాతం కలిస్తే ఒకే మనిషి అనుకోవాలి అన్నది కోడ్‌లో ఒక అంకె. ఆ అంకె అటూ ఇటూ అయితే ఏ ఇంట్లో పొయ్యి వెలగదో తెలిసినవాడు దాన్ని పెట్టేముందు ఒకసారి ఆగుతాడు. ఇలాంటి బగ్‌ను టెస్టింగ్ టీమ్ పట్టుకోలేదు. ఎవరూ అనలేదంటే అందుకే కావచ్చు.

ప్రశ్న: మాకు కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ ఉంది. అది సరిపోదా?
– మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: గ్రూప్ డిస్కషన్‌కు సరిపోతుంది. కానీ కొలంబియా వ్యోమనౌక సంగతి చూస్తే అసలు లోటు తెలుస్తుంది. 2003 జనవరిలో అది బయలుదేరినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క రెక్కకు తగిలింది. ప్రమాదం ఎంతో అంచనా వేసిన ఇంజినీర్లు నాసాకు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడ్‌లో శీర్షిక ధైర్యం చెబుతున్నట్టుంది. అసలు విషయం అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, నిజంగా తగిలినది 1920 అని. ఆరువందల రెట్లకు పైనే! ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. విచారణ బోర్డు తన నివేదికలో ఆ స్లైడ్‌నే అచ్చువేసి, దాని రాత తీరును విమర్శించింది. ఆ ఇంజినీర్లకు లెక్క వచ్చు. ఏది ముందు చెప్పాలి, చదివేవాడు ఎక్కడ ఆగిపోతాడు అన్నది వ్యాసాలు చదివి, రాసి, దిద్దించుకుంటేనే వస్తుంది. (ఎంఎస్‌కు వెళ్తూ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను కన్సల్టెన్సీతో రాయించుకునే అలవాటు ఎక్కడ మొదలైందో కూడా ఇక్కడే తెలుస్తుంది.)

ప్రశ్న: నేను సివిల్ చెబుతాను. ఖాళీ గంటలున్నాయని రాజ్యాంగం సబ్జెక్టు నాకు అంటగట్టారు. ఏం చెప్పాలి?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, మిర్యాలగూడ

జవాబు: సబ్జెక్టు చదివినవాళ్లను పెట్టడమే న్యాయం. పొలిటికల్ సైన్స్ ఎంఏ చేసి సెట్ పాసై గెస్ట్ లెక్చరర్లుగా తిరుగుతున్నవాళ్లకు కొదవ లేదు, ఆ మాట ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటిదాకా, మిర్యాలగూడ సివిల్ సార్‌కు నాగార్జునసాగర్‌ను మించిన పాఠం లేదు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. 1960 దాకా సాగాయి. నీళ్లు రాకముందే బౌద్ధ కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి తిరిగి కట్టారు. లోయలో ఉన్న ఊళ్ల మనుషులకు ఏం దక్కింది? అక్కణ్ణుంచి 2013 భూసేకరణ చట్టానికి రావచ్చు. అది సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కొన్ని రకాల ప్రాజెక్టులను దాన్నుంచి తప్పించేలా సవరణలు చేసుకున్నాయి. సవరణ సబబేనని సగం క్లాసు, కాదని సగం క్లాసు వాదించాలి. మరుసటి వారం జట్లు మార్చాలి. వాదనను రెండు పేజీల్లో రాయించి ఇంటర్నల్స్‌లో మార్కులు వేస్తే వెనక బెంచీలో రికార్డులు మూతపడతాయి.

ప్రశ్న: మా కాలేజీలో ఇలాంటి ఎలెక్టివ్‌లు ఏమీ లేవు. సొంతంగా చదువుకునే దారి ఉందా?
– ట్రిపుల్ఈ విద్యార్థి, నంద్యాల

జవాబు: ఉంది. ఐఐటీల అధ్యాపకులు చెప్పిన చరిత్ర, ఆర్థికశాస్త్రం, తత్వశాస్త్రం కోర్సులు ఎన్‌పీటీఈఎల్, స్వయం వేదికల్లో ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునే వీలుంది గానీ ఏ కోర్సును ఒప్పుకుంటారన్నది యూనివర్సిటీ జాబితాను బట్టి ఉంటుంది. కోర్సులో చేరకముందే అకడమిక్ సెక్షన్‌లో అడిగి, అనుమతి కాగితం మీద తీసుకుంటే ఫైనలియర్‌లో తిరుగుడు తప్పుతుంది.