కలిసి పనిచేసేవాళ్ళ సంగతి



నీ ఉత్తరం చదివాను. నలుగురు స్నేహితులూ కలిసి వెబ్ సిరీస్ తీయబోతున్నారనీ, కథ నీదేననీ రాశావు. సంతోషం. కానీ చివర్న 'మా మధ్య లెక్కలేమిటి పెదనాన్నా, అందరం సమానమే' అన్నావు చూడు, నా దిగులు అక్కడ మొదలైంది. మన ఇంట్లో ఉమ్మడి వ్యవహారాలు ఎలా తెల్లారాయో నీకు తెలుసు కాబట్టి అవి మళ్ళీ ఎత్తను. నీ కథ మీద నాకు అనుమానం లేదు, ఆ పిల్లల మంచితనం మీదా లేదు. ఒకే కాలేజీ, ఒకే హాస్టలు, ఒకే సినిమాల పిచ్చి. కలిసి తిరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? కలిసి పనిచేయాలంటే మాత్రం నీకు రానిది ఎదుటివాళ్ళకు వచ్చి ఉండాలి, నువ్వు రాసింది బాగోలేకపోతే మొహమాటపడకుండా చెప్పాలి, ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకు ముగించాలి. నీ ఉత్తరంలో ముగ్గురికి డైరెక్షన్ మీద ఆశ కనిపించింది. ఎడిటింగ్ ఎవరు చేస్తారో ఎక్కడా కనిపించలేదు.

వెంటనే బాపు–రమణల పేరెత్తుతావని తెలుసు. చిన్ననాటి స్నేహితులే, కాదనను. అయితే ఆ స్నేహం సినిమా దాకా ఎలా వచ్చిందో చూడు. 1967లో 'సాక్షి' వచ్చేనాటికి ఒకరు బొమ్మలతో, ఒకరు రాతతో పత్రికల్లో ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు. రమణగారు అప్పటికే 'రక్తసంబంధం' వంటి సినిమాలకు రాసి ఆ రంగం లోతుపాతులు చూశారు. బుడుగు మాటలు ఆయనవి, బొమ్మ బాపుగారిది. ఆ సరిహద్దు దగ్గర తగువుకు చోటే లేదు. పైగా 1975లో 'ముత్యాలముగ్గు'కు కెమెరా కోసం వాళ్ళు తమ చుట్టూ ఉన్నవాళ్ళలో వెతుక్కోలేదు. హిందీలో 'గరమ్ హవా'కు కెమెరా పట్టిన ఇషాన్ ఆర్యను తెచ్చుకున్నారు. ఆ పనికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. అంత గట్టి జంట కూడా మూడోమనిషిని పని చూసే పిలిచింది.

పని అంటే ప్రతిభ ఒక్కటే అనుకోకు తల్లీ. ఎదుటివాడి పనికి చోటివ్వడం కూడా అందులో భాగమే. సినిమా పాటల్లో ముందు బాణీ కట్టి, దాని కొలతకు మాటలు రాయించుకోవడం మామూలు. సంగీతదర్శకులు కె.వి. మహదేవన్‌గారు మాత్రం ముందు పాట రాయించుకునేవారు. ఆయన మాతృభాష తమిళం, పక్కనుండే సహాయకుడు పుహళేందిది కేరళ. అయినా తెలుగు పాట కాగితం మీదికి వచ్చాకే బాణీ మొదలయ్యేది. దీనివల్ల కవికి ఏం ఒరిగిందో ఆలోచించు. మాట ఎక్కడ విరగాలో, ఏ దీర్ఘం మీద ఊపిరి నిలవాలో కవి తేల్చుకున్నాక స్వరం దాని వెంట నడుస్తుంది. పదం మధ్యలో తెగదు. ఆలస్యానికి పేరుపడ్డ కవి ఆత్రేయతో ఆ పద్ధతిలో పనిచేయాలంటే ఎంత ఓపిక కావాలి! ఆ కాగితం వచ్చేదాకా సంగీతదర్శకుడు చేతులు కట్టుకు కూర్చోవలసిందే. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో విశ్వనాథ్ కథ, వేటూరి పాటలు, మహదేవన్ స్వరాలు ఒకదాన్నొకటి తొక్కుకోలేదంటే నాకు తోచే కారణం ఈ మర్యాదే. నీ ముగ్గురిలో స్క్రిప్టు చివరిదాకా చదివి మాట్లాడేదెవరు, చదవకుండానే షాట్లు చెప్పేదెవరు? వారం రోజులు గమనించు, నీకే తెలుస్తుంది.

ఇక నా పాత పాట: పేరు. నవ్వకు. కథ ఎవరిది, మాటలు ఎవరివి, అవి ఒకే కార్డు మీద పడతాయా వేరువేరుగానా, పోస్టరు మీద నీ పేరుంటుందా, ట్రైలర్లో ఉంటుందా, యూట్యూబులో వీడియో కింద ఉంటుందా, మధ్యలో ఒకరు తప్పుకుంటే వాళ్ళ పేరు ఏమవుతుంది, రెండో సీజన్ ఇంకెవరో రాస్తే మూలకథ నీదని వేస్తారా... ఇవన్నీ కెమెరా బయటికి తీయకముందే కాగితం మీద పెట్టండి. విసుగొస్తే కాస్త అన్నం తిని వచ్చి మిగతాది చదువు. డబ్బే లేనిచోట ఈ గొడవెందుకంటావు. డబ్బు లేనిచోట పేరే కదా కూలి! తర్వాతి అవకాశం దాన్ని చూసే వస్తుంది. అదీగాక 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఎవరి భాగం ఏదో విడదీయలేనంతగా కలిసి రాస్తే అది ఉమ్మడి రచన. హక్కులు ఇంకొకరికి బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. రాత్రంతా కూర్చుని నలుగురూ సరదాగా డైలాగులు కలిపితే, రేపు అందులో నీది ఏదని చూపిస్తావు?

తిరుపతి వేంకటకవులకు ఏ కాగితం ఉందని అడుగుతావేమో. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా జంటలో మిగిలిన చెళ్ళపిళ్ళవారు జంట పేరుతోనే రచనలు వెలువరించారు. నిజమే, వాళ్ళకు కాగితం అక్కర్లేకపోయింది. కానీ ఒకే గురువు దగ్గర చదివి, శతావధాన సభల్లో వందమంది పృచ్ఛకులకు కలిసి జవాబు చెప్పినవాళ్ళు వాళ్ళు. మీరు నలుగురూ ఇంకా ఒక్క సభా ఎక్కలేదు. ఎక్కినవాళ్ళకైనా చిక్కులు తప్పవు. ఇళయరాజా, బాలసుబ్రహ్మణ్యంల స్నేహానికేం తక్కువ? 2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా తరఫున నోటీసు వెళ్ళింది. న్యాయం ఎవరిదో తేల్చడం నా పని కాదు. తర్వాత మళ్ళీ కలిసి పాడారు కూడా. అయినా కచేరీలో పాట మీద ఎవరికెంత హక్కన్నది ముందే రాసుకుని ఉంటే అంత కష్టం కలిగేదా అనిపిస్తుంది. కాగితం అడిగితే అనుమానిస్తున్నాననుకుంటారని నీ భయం. అడిగినందుకే ముఖం చిట్లించేవాడు రేపు కథ మార్చాలన్నప్పుడు నీ మాట వింటాడా?

స్నేహితులను వదులుకోమనడం లేదమ్మా. వాళ్ళతో సినిమాలు చూడు, పోట్లాడు, నీ రాతలు ముందుగా వాళ్ళకే చదివి వినిపించు. సిరీస్ మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టి, పది నిమిషాల సినిమా ఒకటి తీయండి. ఎడిటింగ్‌కు బయటి మనిషిని, నువ్వు ముద్దుగా రాసుకున్న సీను కోసెయ్యడానికి వెనకాడని మనిషిని వెతుకు. అది పూర్తయ్యేసరికి నలుగురిలో ఎంతమంది మిగిలారో నాకు రాయి. స్క్రిప్టు ఎవరి చేతికీ ఇవ్వకముందే రచయితల సంఘంలో రిజిస్టరు చేయించు. ఫీజు నేను పంపుతాను, మీ నాన్నకు చెప్పక్కర్లేదు.

ఇట్లు
పెదనాన్న