ప్రభావనాంగము - వీధిలో ధర్మాచరణ

సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు కలవని దిగంబర, శ్వేతాంబర సంప్రదాయములు రెండును చెప్పుచున్నవి. వానిలో కడపటిది ప్రభావన. జినధర్మ మాహాత్మ్యమును లోకమునకు వెల్లడి చేయుటయే ప్రభావన. రథోత్సవము, మేళతాళములతో ఊరేగింపు, బహిరంగ ప్రవచనము మొదలగునవన్నియు దీని క్రిందికి వచ్చును. ఇంటిలో చేయు పూజ ఇంటివారిది. వీధిలో చేయు ఉత్సవమో, అన్యమతస్థుల వాకిండ్ల ముందునుండి సాగును. కావున ఈ అంగమును ఆచరించువారు పొరుగువానిని మరువరాదు. ఈ విషయమును కన్నడ దేశమున పూర్వము జరిగిన యొక వ్యవహారము చక్కగా బోధించుచున్నది.

క్రీ.శ. 1368లో విజయనగర రాజ్యమున జైనులకును శ్రీవైష్ణవులకును వివాదము కలిగెను. ఆనెగొంది, హొసపట్టణము, పెనుగొండ, కల్లేహ పట్టణము మొదలగు చోట్ల జైనులు తమకు జరుగుచున్న అన్యాయమును బుక్కరాయలకు విన్నవించుకొనిరి. తీర్పులో ముఖ్యముగా పేర్కొనబడినవి పంచమహావాద్యములు, కలశము. ఇవి పదిమంది యెదుట చూపబడు గౌరవ చిహ్నములు.

రాయలు శ్రీరంగము, తిరుమల, కంచి, మేలుకోట మొదలగు క్షేత్రముల వైష్ణవాచార్యులను పిలిపించి, రెండు దర్శనములకును భేదము లేదని పలికి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో నుంచెను. వాద్యములును కలశమును జైనులకు పూర్వమువలెనే చెల్లవలెననియు, భక్తుల వలన జైనదర్శనమునకు హానిగాని వృద్ధిగాని కలిగినచో, దానిని వైష్ణవులు తమ హానిగా, తమ వృద్ధిగా భావింపవలెననియు శాసించెను.

తీర్పు అంతటితో ముగియలేదు. రాజ్యములోని ప్రతి జైన గృహమునుండి, జైనుల సమ్మతితో, ఏటికొక హణము చొప్పున తిరుమల తాతయ్య వసూలు చేయవలెను. ఆ ధనముతో బెళగొళ దేవుని రక్షణకు ఇరువదిమంది భటులను నియమించి, మిగిలినదానితో శిథిలమైన జినాలయములకు మరమ్మతులు చేయించి సున్నము వేయింపవలెను. అనగా జైనుల సొమ్మునకు ఒక వైష్ణవుడు ధర్మకర్త యయ్యెను. తన సొమ్మును ఇతరుని చేతికిచ్చుట ఎంతటి నమ్మకమో వర్తకులకు వేరుగా చెప్ప నక్కరలేదు. పిమ్మట కల్లేహకు చెందిన బుసువిసెట్టి ఈ శాసనమును పునరుద్ధరింపజేయగా, రెండు సమయములవారును కలసి ఆయనకు సంఘనాయక పదవి నొసగిరి. ఈ శాసనము శ్రవణబెళగొళ భండారి బసదిలో నున్నది. బెంగుళూరునకు సమీపమున మాగడి తాలూకా కల్య గ్రామమునందును దీని ప్రతి కలదు.

దీని వలన గ్రహింపవలసినవి రెండు. మొదటిది: ధర్మమును వీధిలో ప్రకటించుట తప్పు కాదు. పూర్వులు ఆ హక్కును అడిగి నిలుపుకొనిరి. భారత రాజ్యాంగము 25వ అధికరణమున అదే స్వేచ్ఛను అందరికిని ఇచ్చుచు, ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యములకు దానిని లోబరచినది. రెండవది: తాను పొందిన రక్షణను ఇతరులకును ఈయవలెను. చైత్ర శుద్ధ త్రయోదశి మహావీర జయంతి. రెండు తిథులు గడువగా, పూర్ణిమ రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి కరగము బయలుదేరి బెంగుళూరు పేట వీధులలో సాగి, మస్తాన్ సాహెబు దర్గాను దర్శించును. త్రయోదశినాడు తన రథమునకు త్రోవ కోరు వర్తకుడు, పూర్ణిమనాడు కరగమునకు అడ్డముగానున్న తన బేళ్లను తానే తొలగింపవలెను.

సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున ఎనిమిది మదములను చెప్పిరి. వానిలో పూజామదము, ఋద్ధిమదము అనగా గౌరవగర్వము, ధనగర్వము. పక్క సంఘము కంటె పెద్ద రథము, పెద్ద శబ్దము కావలెనను కోరిక పుట్టినచో అది ప్రభావన గాక మదమగును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకరు సామాన్యముగా నిషిద్ధము. పగటివేళ నివాస స్థలములలో 55, వ్యాపార స్థలములలో 65 డెసిబెళ్లు పరిమితి. ఇతరుల శాంతిని భంగపరచుచు ప్రార్థింపుమని ఏ మతమును విధింపదని, చెన్నైనుండి వచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు అదే ఏట తీర్పు చెప్పినది.

మునులు ఈర్యాసమితిని పాటించి, క్రిమికీటకములకు బాధ కలుగకుండ అడుగు చూచి నడతురు. ఊరేగింపులో నడచు శ్రావకులు కనీసము తోటి మానవునికి బాధ కలుగకుండ నడువవలదా? కావున ఉత్సవమునకు పూనుకొను సంఘము మూడు పనులు చేయవలెను. వీధిలోని అన్ని మతములవారికి వేళను ముందుగా తెలుపవలెను. రోగికిని, బండి లాగు కూలివానికిని త్రోవ విడువవలెను. రథము సాగిపోయిన వెంటనే వీధిని శుభ్రము చేయింపవలెను. ఇట్లు నడపిన ఉత్సవమును చూచి అన్యులు జినధర్మమును గౌరవింతురు. అదియే ప్రభావన.